హైదరాబాద్ వెళ్లి సురభి నాటకం చూసి రావాలి, శని ఆదివారాల్లో కుదురుతుందా?

మహేంద్రతనయ, పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. మా అమ్మని, మా పాపని హైదరాబాద్ తీసుకెళ్లి సురభి వాళ్ల మాయాబజార్ నాటకం చూపించాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. ఈ ఏడు ఎలాగైనా చెయ్యాలి, అందుకే అడుగుతున్నాను.

అమ్మకి అరవై ఎనిమిదేళ్లు. వాళ్ల నాన్నగారు పాతపట్నం చుట్టుపక్కల ఊళ్లలో కృష్ణుడి వేషం కట్టేవారు. అమ్మ ఐదో తరగతి దగ్గరే బడి మానేసినా రాయబారం పద్యాలు పొల్లుపోకుండా వచ్చు, పొయ్యి మీద పోపు మాడుతున్నా సరే చివర్న ఆ రాగం తీస్తే గానీ పద్యం వదలదు. పాపకి పదేళ్లు, బళ్లో అంతా ఒడియా, ఇంట్లో తెలుగు బాగానే మాట్లాడుతుంది, నాటకం అంటే మాత్రం బడి వార్షికోత్సవంలో వేసేదే తనకి తెలుసు. వీళ్లిద్దరూ పక్కపక్కన కూర్చుని ఒకే నాటకం చూడాలి, నా కోరిక అంతే. ఫోన్లో పెట్టి చూపించాను గానీ అమ్మ కాసేపు చూసి "ఎదురుగా మనిషి లేకపోతే నాటకం ఏంట్రా" అని పక్కన పెట్టేసింది.

నాకు దొరికేవి శని, ఆదివారాలు, ఇంకా కావాలంటే ఒక పూట సెలవు పెట్టగలను. నేను, మా ఆవిడ, అమ్మ, పాప, నలుగురం. విమానం మా బడ్జెట్‌లో లేదు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లంటే కష్టం. నాటకం ఎప్పుడుంటుందో ముందుగా ఎలా తెలుస్తుంది, రైలు టికెట్ ముందు తీసుకోవాలా నాటకం టికెట్ ముందా, బస ఎక్కడైతే అమ్మకి తిప్పట ఉండదు, మిగతా టైములో ఏం చూపించొచ్చు? వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా చెప్పండి.


సిల్క్ సిటీ అక్క, బరంపురం

తమ్ముడూ, చాలా మంచి ఆలోచన. అసలు చిక్కంతా నీ రెండో ప్రశ్నలోనే ఉంది. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తారు, 2024 నవంబర్‌కి ముందు 120 రోజులుండేది. నాటకం సంగతి బయటికొచ్చేది మాత్రం చాలాసార్లు పది, పదిహేను రోజుల ముందే. సురభి వాళ్లది ఒకే థియేటర్‌లో రోజూ ఆడే ఆట కాదు, ఎవరు పిలిస్తే అక్కడికి సెట్టింగులన్నీ వేసుకుని వెళ్లే సమాజం. వాళ్ల నాటకం ఉందని తెలిసేసరికి మన వైపు రైళ్లలో వెయిటింగ్ లిస్టు నడుస్తూ ఉంటుంది, తత్కాల్‌లో నాలుగు బెర్తులు దొరుకుతాయని ధైర్యంగా ఉండలేం. పైగా కన్ఫర్మ్ అయిన తత్కాల్ టికెట్ కాన్సిల్ చేస్తే పైసా రాదు.

అందుకని నేను చెప్పేదేంటంటే, నీకు కుదిరే శనివారాలు రెండు మూడు అనుకుని వాటికి స్లీపర్‌లోనో థర్డ్ ఏసీలోనో టికెట్లు తీసి పెట్టుకో. నాటకం లేదని తేలితే రైలు బయల్దేరడానికి కొన్ని రోజుల ముందే కాన్సిల్ చేసేయ్, స్లీపర్‌కి మనిషికి 120 రూపాయలు, థర్డ్ ఏసీకి 180, దాని మీద జీఎస్టీ పోతాయి. నలుగురికి ఐదు వందల దగ్గర నుంచి ఎనిమిది వందల దాకా నష్టం. అమ్మ సరదాకి ఆ మాత్రం పెట్టొచ్చు కదా. నాటకం ఖాయమయ్యేదాకా హోటల్‌కి మాత్రం డబ్బు కట్టకు, కడితే తిరిగిచ్చే షరతు ఉన్నదే చూసుకో.

నాటకాలు ఎక్కువగా వేసే రోజులు కొన్ని ఉంటాయి, వాటి చుట్టూ చూసుకో. మార్చి 27 ప్రపంచ రంగస్థల దినోత్సవం, ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం గారి జయంతి, దాన్నే తెలుగు నాటకరంగ దినోత్సవం అంటారు, ఆ దగ్గర్లోనే ఉగాది. ఏప్రిల్ ఎండల్లో పెద్దావిడని హైదరాబాద్‌లో తిప్పడం మాత్రం నాకు ఇష్టం లేదు. మార్చి చివర దొరికితే సరే సరి, లేకపోతే చలికాలమే మేలు.


నాగావళి ఒడ్డు, రాయగడ

రైలు గురించి నేను చెప్తాను. పర్లాకిమిడి నుంచి పాతపట్నం, టెక్కలి మీదుగా పలాస వచ్చి అక్కడ ఎక్కండి, కారు మాట్లాడుకుంటే అమ్మగారికి ఇబ్బంది ఉండదు. సికింద్రాబాద్ వైపు పలాసలో ఆగే బళ్లు చాలానే ఉన్నాయి, మీ పనికి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ లాంటిదే సరిపోతుంది, సాయంత్రం పూట ఎక్కితే రాత్రి పడుకుని మర్నాడు పొద్దున దిగుతారు. ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్‌లో మాత్రం ఎక్కొద్దు. రాత్రి ఎక్కిన బండి మర్నాడు పగలంతా నడిచి సాయంత్రానికి చేరుస్తుంది. కాస్త లేటయిందంటే అక్కడ తెర లేచిపోతుంది.

ఇంకోటి. సికింద్రాబాద్ స్టేషన్ తిరగ కడుతున్నందున కొన్ని బళ్లని చర్లపల్లికి మార్చారు. 2025 జనవరిలో తెరిచిన కొత్త టెర్మినల్ అది, స్టేషన్ బాగుంటుంది గానీ ఊరికి ఓ మూల, మెట్రో లేదు. టికెట్ తీసేటప్పుడు చివరి స్టేషన్ పేరు చదువుకోండి. చర్లపల్లి అయితే సామాన్లతో, అమ్మగారితో నేరుగా క్యాబ్ ఎక్కేయడమే.

అమ్మగారి టికెట్ మీ ముగ్గురితో కలిపి తీయకండి. నలభై ఐదు దాటిన ఆడవాళ్లకి లోయర్ బెర్త్ కోటా ఉంది, కానీ ఒక్కరికో, ఆ వయసున్న ఇద్దరికో తీస్తేనే అది వర్తిస్తుంది. మీ నలుగురినీ ఒకే టికెట్ మీద వేస్తే కోటా పోతుంది, ఆవిడకి పైబెర్తు వచ్చినా రావచ్చు. విడిగా తీస్తే ఒక్కోసారి కోచ్ వేరవుతుంది, అప్పుడు టీటీఈ గారిని అడిగి మీలో ఒకరు అటు మారండి, కింద బెర్తు వదులుకునేవాళ్లు దొరకరు గానీ పైబెర్తుకి పైబెర్తు మారమంటే ఎవరూ కాదనరు. పాపకి బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ, పన్నెండేళ్ల లోపు పిల్లలకి సగం టికెట్ ఉంది గానీ దానికి బెర్తు ఇవ్వరు. రాత్రి ప్రయాణం కాబట్టి పూర్తి టికెట్టే తీయండి.


లక్డీకాపూల్ గుణుపురం

పుట్టింది గుణుపురం, ఉద్యోగం హైదరాబాద్‌లో. నాటకాల పిచ్చి ఉంది కాబట్టి తెలిసినంత చెప్తాను అన్నయ్యా, కొంచెం పెద్దదవుతుంది.

ముందు ఒక మాట. అమ్మకి కావలసింది పద్యమా? అయితే సురభి వేరు, మన ఊళ్లలో ఆడే పద్యనాటకం వేరు. రాయబారంలో అయితే కృష్ణుడు వేసినాయన ఒక్క పద్యాన్ని ఐదు నిమిషాలు లాగుతాడు, జనం వన్స్ మోర్ అంటారు, ఆయన మళ్లీ మొదట్నుంచి ఎత్తుకుంటాడు. సురభిలో పద్యాలుంటాయి, హార్మోనియం, తబలా పక్కనే కూర్చుని వాయిస్తారు, కానీ కథ ఆగదు, తెర తర్వాత తెర పరిగెడుతూ ఉంటుంది. రాగం కోసమే వస్తే అమ్మకి కాస్త వెలితి అనిపించవచ్చు. అయినా పాపని పక్కన కూర్చోబెట్టుకుని చూడాలంటే సురభిని మించింది లేదు, ముందే అమ్మకి ఈ తేడా చెప్పి తీసుకురండి చాలు.

అక్కడ ఏముంటుందంటే, తెర లేవగానే నారదుడు మబ్బుల్లోంచి కిందికి దిగుతాడు. బాణం వదిలితే అవతలి బాణం ఎదురొచ్చి రెండూ గాల్లో గుద్దుకుని నిప్పురవ్వలు రాలతాయి. పెళ్లివిందు దగ్గర ఘటోత్కచుడు నోరు తెరుచుకుని కూర్చుంటే పళ్లెంలోంచి లడ్డూలు ఒకదాని వెనక ఒకటి లేచి వెళ్లి నోట్లో పడతాయి. ఆ సీన్‌లో ఒక్కసారి వెనక్కి తిరిగి పిల్లల మొహాలు చూడండి, సగం మంది సీట్లో నిలబడిపోయి ఉంటారు. ఇవన్నీ తాళ్లు, కప్పీలు, రంగుల తెరలు, లైట్లతో చేసేవే, కంప్యూటర్ ఏమీ లేదు. తాడు లాగేది లోపల నిలబడ్డ ఇంకో నటుడు, తన వేషం రాగానే తాడు పక్కవాడికిచ్చి స్టేజీ మీదికొచ్చేస్తాడు. కుటుంబం మొత్తం అదే పనిలో ఉంటుంది, చిన్న కృష్ణుడి వేషం వేసే పిల్లాడు కూడా వాళ్లింటి వాడే.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైంది ఇది, అంతకుముందు వాళ్లు తోలుబొమ్మలాట ఆడేవాళ్లు. వనారస గోవిందరావు గారు మొదలుపెట్టారు. మిగతా తెలుగు నాటకాల్లో ఆడవేషాలు మగవాళ్లే కడుతున్న కాలంలో వీళ్ల ఇళ్లలోని ఆడవాళ్లు స్టేజీ ఎక్కారు. హైదరాబాద్‌లో ఉన్నది శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి, శేరిలింగంపల్లిలో సురభి కాలనీ అనే ఉంది. దాన్ని ఇన్నేళ్లూ మోసిన సురభి నాగేశ్వరరావు గారు, అందరూ బాబ్జీ గారంటారు, 2013లో పద్మశ్రీ అందుకున్నారు, 2022లో పోయారు. ఇంటివాళ్లే ఇప్పుడూ ఆడుతున్నారు. పాపకి రైల్లో ఈ కథ చెప్పండి, నాటకం ఇంకోలా కనిపిస్తుంది.

ఇక బస. నాటకం రవీంద్రభారతి హాల్లో అయితే లక్డీకాపూల్, సైఫాబాద్, నాంపల్లి మధ్యలోనే గది తీసుకోండి. అమీర్‌పేట్‌లో చవకగా దొరికిందని అక్కడ దిగితే నాటకం అయ్యాక రాత్రి తొమ్మిదిన్నరకి అమ్మతో ఆటో కోసం రోడ్డు మీద నిలబడాలి. గది తీసుకునే ముందు లిఫ్ట్ ఉందా అని కాదు, లిఫ్ట్ పని చేస్తుందా అని ఫోన్ చేసి అడగండి. మా పిన్ని వచ్చినప్పుడు అలా అడగకుండా తీసుకున్న ఒక లాడ్జిలో మూడో అంతస్తు గది ఇచ్చి లిఫ్ట్ రిపేర్లో ఉందన్నారు, ఆవిడ ఆ మోకాళ్లతో ఎక్కేసరికి నాటకం మీద ఆశే పోయింది. సికింద్రాబాద్‌లో దిగితే మెట్రో ఎక్కి అమీర్‌పేట్‌లో మారి లక్డీకాపూల్ రావచ్చు, స్టేషన్లలో లిఫ్టులున్నాయి, కానీ అమీర్‌పేట్‌లో జనం తోపులాట ఎక్కువ. పొద్దున రద్దీ టైమైతే క్యాబే మంచిది.

రవీంద్రభారతి ఠాగూర్ శతజయంతికి కట్టింది, 1961 నుంచి ఉంది. అక్కడ చాలా కార్యక్రమాలకి ప్రవేశం ఉచితం, టికెట్ పెట్టినవి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఉచితం అంటే సీటు నంబరు ఉండదు, ముందొచ్చినవాళ్లదే. అలాగే కార్డులో ఆరింటికి అని ఉంటే ముందు సభ, జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, నలుగురైదుగురి ప్రసంగాలు అయ్యాక గానీ నాటకం మొదలవదు. అలాగని ఆలస్యంగా వెళ్తే మంచి సీట్లు పోతాయి. అమ్మకి, పాపకి ఏదైనా తినిపించి ఐదున్నరకల్లా లోపల కూర్చోండి. మరీ ముందు వరస వద్దు, తాళ్లు కనబడతాయి, మరీ పక్కకి వద్దు, స్టేజీ పక్క తెరల చాటున నిలబడ్డవాళ్లు కనబడతారు. మధ్య బ్లాకులో ఆరు నుంచి పది వరసల మధ్య, నడిచే దారి పక్క సీటు అమ్మకి. ఏసీ చల్లగా ఉంటుంది, శాలువా తెచ్చుకోమనండి.


మాస్టారు, గుణుపురం

అందరూ బాగానే చెప్పారు గానీ నాకు వేరే అభిప్రాయం ఉంది బాబూ. అరవై ఎనిమిదేళ్ల మనిషిని వెళ్లేటప్పుడో రాత్రి, వచ్చేటప్పుడో రాత్రి రైల్లో పడుకోబెట్టి, మధ్యలో ఊరంతా తిప్పి, రెండు గంటల నాటకం చూపించడం అంత అవసరమా? సురభి వాళ్లు లారీల్లో సెట్టింగులు వేసుకుని ఊరూరా తిరిగేవాళ్లేనని మీరే అంటున్నారు. విశాఖ వచ్చినప్పుడు చూడొచ్చు కదా. పర్లాకిమిడి నుంచి విశాఖకి మన గుణుపురం పాసింజర్ ఉంది, ఎక్కడా మారక్కర్లేదు. సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం, పిఠాపురం కాలనీలో కళాభారతి ఉన్నాయి. సాయంత్రం నాటకం, రాత్రి అక్కడే బస, పొద్దున బీచ్ రోడ్డు, ఆ తర్వాత తిరుగు రైలు. అమ్మగారికి సుఖం, ఖర్చు సగం.

ఇంకో మాట కూడా చెప్తాను. ఆవిడ నాన్నగారు ఆడింది పద్యనాటకం. అది కావాలంటే శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో పండగలకి, అమ్మవారి సంబరాలకి ఇప్పటికీ రాత్రంతా ఆడుతున్నారు. ఊళ్లో కుర్చీ వేసి కూర్చోబెడతారు, ఆవిడతోపాటు పద్యం అందుకునేవాళ్లు పక్కన నలుగురుంటారు. పెద్ద ఊరి హాల్లో ఆ సందడి రాదు.


సిల్క్ సిటీ అక్క, బరంపురం

మాస్టారు చెప్పింది కొట్టిపారేయలేను, విశాఖలో పడితే నేనూ అదే అంటాను. కానీ విశాఖ ఎప్పుడొస్తారో తెలియదు కదా మాస్టారూ. వస్తారు వస్తారు అని ఎదురుచూస్తూ ఉంటే ఆవిడ మోకాళ్లు ఇంకో ఏడాది అరుగుతాయి. ఇప్పుడు కూర్చోగలదు, రైలెక్కగలదు, పాపకి కూడా తాతమ్మల కథలు వినే వయసు. ఈ రెండూ కలిసొచ్చే రోజులు ఎక్కువ ఉండవు. రెండు ఊళ్ల మీదా కన్నేసి ఉంచు తమ్ముడూ, ఏది ముందు తగిలితే దానికి వెళ్లు.


మహేంద్రతనయ, పర్లాకిమిడి

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మాస్టారూ, మీరు చెప్పింది అమ్మకి చదివి వినిపించాను. పల్లెలో రాత్రంతా నాటకం అంటే కళ్లు మెరిశాయి గానీ రాత్రంతా కింద కూర్చోలేనంది, కుర్చీ వేస్తారన్నా ఒప్పుకోలేదు, అందరూ కింద కూర్చుంటే నేనొక్కదాన్నీ పైన కూర్చుంటానా అంటుంది. పాపకి లడ్డూల సంగతి చెప్పాను, అప్పట్నుంచి అది వదలట్లేదు. కాబట్టి హైదరాబాదే, ఈలోగా విశాఖలో పడితే విశాఖ.

ఇంకొక్కటి అడుగుతాను. శుక్రవారం సాయంత్రం పలాసలో ఎక్కి శనివారం పొద్దున దిగుతాం, నాటకం శనివారం సాయంత్రం అనుకుందాం, ఆదివారం మధ్యాహ్నం తిరుగు రైలు. శనివారం పగలు చార్మినార్, గోల్కొండ చూసుకుని సాయంత్రం నాటకానికి వెళ్లిపోవచ్చా? మా ఆవిడ గోల్కొండ అడుగుతోంది.


లక్డీకాపూల్ గుణుపురం

శనివారం గోల్కొండ వద్దన్నయ్యా. రాత్రి రైల్లో సరిగ్గా నిద్రుండదు, పొద్దున్నే కోట మెట్లెక్కి సాయంత్రం ఆరింటికి హాల్లో కూర్చుంటే అమ్మ సంగతి సరే, పాపే లడ్డూల సీన్ రాకముందు నిద్రపోతుంది. అక్కడి సౌండ్ అండ్ లైట్ షో కూడా సాయంత్రమే, నాటకంతో కలవదు. శనివారం దిగగానే గదికెళ్లి స్నానాలు, టిఫిన్, మధ్యాహ్నం దాకా నిద్ర. భోజనం అయ్యాక ఓపిక ఉంటే పక్కనే పబ్లిక్ గార్డెన్స్‌లో చెట్ల కింద కాసేపు కూర్చోండి, లోపల స్టేట్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది, పాపకి చూపించొచ్చు. బిర్లా మందిర్ కూడా దగ్గరే గానీ కొండ మీద, మెట్లున్నాయి, అమ్మని గదిలో పడుకోబెట్టి మీ ఇద్దరూ పాపతో వెళ్లిరండి.

ఆదివారం పొద్దున సాలార్‌జంగ్ మ్యూజియం ఒక్కటి చాలు. శుక్రవారం సెలవు కాబట్టి మీకు అడ్డం లేదు. లక్డీకాపూల్ నుంచి ఎంజీబీఎస్ బస్టాండు దాకా ఒకే మెట్రో లైను, అక్కడ ఆటో. మొత్తం చూడాలని పెట్టుకోకండి, ముసుగు వేసుకున్న రెబెకా పాలరాతి బొమ్మ, గంటల గడియారం చూడండి. ఆ గడియారంలో గంట కొట్టే వేళకి చిన్న బొమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చి కొట్టి వెళ్తుంది, దానికోసం జనం ముందే కూర్చుని ఉంటారు, గంటకి పది నిమిషాల ముందే వెళ్తే అమ్మకి కూర్చునే చోటు దొరుకుతుంది. వదినగారికి గోల్కొండ తప్పకుండా చూడాలనుంటే ఆదివారం పొద్దున్నే తెరిచే వేళకి మీరిద్దరూ వెళ్లి త్వరగా వచ్చేయండి, అమ్మ, పాప గదిలోనే ఉంటారు. అప్పుడు సాలార్‌జంగ్ వదిలేయాలి, రెండూ పెట్టుకుంటే రైలు టెన్షన్ తప్పదు.


నాగావళి ఒడ్డు, రాయగడ

తిరుగు టికెట్ కూడా ఇప్పుడే చూసుకోండి, ఆదివారం మన వైపు వచ్చే బళ్లే ముందు నిండిపోతాయి. తెల్లవారుజామున పలాసలో దిగుతారు కాబట్టి కారు డ్రైవర్‌కి శనివారమే మరోసారి గుర్తుచేయండి. సోమవారం ఒక పూట సెలవు పెట్టేయండి, దిగి నేరుగా ఆఫీసుకి వెళ్లాలని మాత్రం అనుకోవద్దు.


మహేంద్రతనయ, పర్లాకిమిడి

సరే, గోల్కొండ ఈసారికి లేదు, మా ఆవిడ ఒప్పుకుంది, సాలార్‌జంగ్ చాలంది. మార్చి చివరి రెండు శనివారాలకి రాకపోకల టికెట్లు రిజర్వేషన్ తెరిచిన రోజే తీస్తాను, అమ్మది విడిగా. సురభి వాళ్ల నాటకం హైదరాబాద్‌లో గానీ విశాఖలో గానీ పడిందని ఎవరికి తెలిసినా దయచేసి ఇక్కడే ఒక ముక్క రాయండి, నేను రోజూ చూస్తుంటాను.